మూడో అంశంలో సున్నా

2006 మే 29, సోమవారం, ఉదయం ఎనిమిది గంటల పది నిమిషాలు. లాస్‌పేటలోని మా బడి మైదానంలో, ఒకటో తరగతిలో చేరబోయే పిల్లల కదలికల పరీక్ష మొదలైంది. వ్యాయామోపాధ్యాయుడిగా అయిదో ఏడు పరీక్ష పెడుతున్నది నేనే. పిల్లలు ఇరవై ముగ్గురు. అంశాలు ఆరు: పరుగెత్తడం, దూకడం, ఒంటికాలితో గెంతడం, బంతి పట్టడం, విసరడం, నిలకడగా నిలబడటం. ఒక్కోదానికి నాలుగు మార్కులు. మొత్తం పద్నాలుగు రాకపోతే డాక్టరు సర్టిఫికెట్ తేవాలి. అదే రోజు మధ్యాహ్నం పన్నెండు లోపల తేకపోతే ఆ సీటు మరొకరికి పోతుంది. సూచన ఒక్కసారే, అవకాశం ఒక్కటే. ఈ నియమాలు రాసినవాణ్ణీ నేనే.

ఇరవై ఇద్దరికి కాగితంలోని తమిళ సూచననే చదివాను. పదిహేడో పిల్ల తన తల్లితో తెలుగులో మాట్లాడుతోంది. ఇక్కడి మూలకుళంలోనే తరతరాలుగా ఉంటున్న కుటుంబం. నేను యానాం నుంచి వచ్చి పదకొండేళ్ళు. ఈ తమిళ ఊళ్ళో, మా మైదానంలో తెలుగు వినబడటం అరుదు. సంతోషం కొద్దీ కాగితం పక్కన పెట్టి, "ఆ గీత దాకా కుంటుతూ వెళ్ళమ్మా" అన్నాను. ఒంటికాలి గెంతును మా వైపు పిల్లలు అలాగే అంటారు.

ఆ పిల్ల ఒక్క క్షణం నా ముఖంలోకి చూసింది. తర్వాత నడుం వంచి, కుడికాలు ఈడ్చుకుంటూ గీత దాకా నడిచింది. సున్నా వేసి, వివరాల గడిలో 'నడకలో లోపం' అని రాశాను. పది నిమిషాల ముందు అదే పిల్ల పరుగుకు మూడు వేసింది నేనే. ఆ పరుగు మార్కు వైపు చూడలేదు. మొత్తం పదమూడు.

పదకొండుంబావుకు ఆ తల్లి పిల్ల చెయ్యి పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. ఆఫీసులో సర్టిఫికెట్ అడిగారట.

"ఏంది సార్, బిడ్డకు కాలు బాగలేదని రాసినారంట? దినమూ వాకిట్లో నొండి ఆడతాది."

మూడో అంశంలో తప్పిందని చెప్పాను.

"మీరు కుంటమన్నారంట. మా అత్తకు కాలు ఈడ్పు. ఆమె మాదిరి నడిచి చూపించినాది. నొండి అనింటే ఎగిరేది కదా సార్."

ఒంటికాలి గెంతుకు వాళ్ళ ఇంటి మాట నొండి. నా కాగితంలోని తమిళ మాట కూడా అదే.

ప్రిన్సిపాల్ గదికి వెళ్ళేసరికి పదకొండున్నర. ఒక్కరికి రెండో అవకాశమిస్తే మిగిలిన ఇరవై రెండు కుటుంబాలూ వస్తాయని ఆయన అన్నారు. తప్పు పరీక్షకుడిదని నేను రాసి సంతకం పెడితేనే కుదురుతుందనీ, అప్పుడు వచ్చే ఏడు పరీక్ష మరొకరికి అప్పగించక తప్పదనీ చెప్పారు. గోడ గడియారం చూస్తూ నాలుగు వాక్యాలు రాశాను. రెండోది కొట్టేసి మళ్ళీ రాయాల్సి వచ్చింది.

పదకొండూ నలభై ఎనిమిదికి, ఆయన ఎదుటే, గీత దగ్గర నిలబడి "నొండి" అన్నాను. పిల్ల గెంతింది. చివర్లో ఒకసారి రెండో కాలు నేలకు తగిలింది. మూడు మార్కులు. మొత్తం పదహారు.

పోయింది: అయిదేళ్ళుగా నా చేతిలో ఉన్న పరీక్ష. నిలిచింది: ఒక సీటు. అంతకు ముందు నాలుగేళ్ళలో మూడో అంశంలో సున్నా వచ్చినవాళ్ళు ముగ్గురు. వాళ్ళలో ఎవరితో తెలుగులో మాట్లాడానో నా డైరీలో లేదు.