మూడో అంతస్తులో సవతి

వాచీల మేస్త్రీ భార్య ఆ వాచీని సవతి అనేది. ఊరికే అన్నదా? పెళ్లైన కొత్తల్లో ఒక పెద్దమనిషి దాన్ని దుకాణానికి తెచ్చాడు. నీలం డయల్, నాజూకైన అంచు, అలాంటివి లోకంలో వందకు మించి లేవట. లోపల ఒక పళ్ల చక్రం విరిగింది. కంపెనీ ఆ భాగం చేయడం ఎప్పుడో మానేసింది. అప్పట్లో పాత వాచీలను అడిగే నాథుడు లేడు. విసిగిపోయిన పెద్దమనిషి నువ్వే ఉంచుకో అని వదిలేసి వెళ్లాడు. మేస్త్రీ మూడు నెలలు తిండీ తిప్పలూ మానేసి, ఇత్తడి రేకును ఆకురాయితో అరగదీసి, గోటిలో సగం కూడా లేని చక్రాన్ని తన చేత్తో చేశాడు. ఆ మూడు నెలలూ కొత్త పెళ్లాం ఎదురుగా ఉన్నా ఆయన కంటికి కనబడితే ఒట్టు.

ఇప్పుడు ఆవిడ మోకాళ్లు అరిగిపోయాయి. మూడో అంతస్తు దిగి తొమ్మిది నెలలైంది. పాలవాణ్ని పలకరించాలన్నా కిటికీలోంచే. రెండు మోకాళ్లూ మార్చాలన్నాడు డాక్టరు. అంత సొమ్ము ఎక్కణ్నుంచి వస్తుంది? ఆ ఇంట్లో అమ్ముకోదగిన వస్తువు సవతి ఒక్కతే. మేస్త్రీ వారం రోజులు దాన్ని చేతికి పెట్టుకుంటూ తీస్తూ గడిపి, చివరికి పాత వాచీలు సేకరించే ఆసామికి కబురు పంపాడు.

ఆసామి దుకాణానికి వచ్చి, వెనక మూత తీసి, కంటికి భూతద్దం పెట్టుకుని అరగంట చూశాడు.

"అన్నీ కంపెనీ భాగాలేనండీ, ఒక్కటి కూడా మారలేదు. మీరు అడిగినంతా ఇస్తాను" అన్నాడు.

మేస్త్రీకి ఒళ్లు పులకరించింది. ముప్ఫై ఏళ్ల నాటి పనికి దక్కిన మెప్పు అది. పాపం, మెచ్చినవాడికే తను మెచ్చింది ఎవరినో తెలియదు. నోరు మూసుకుంటే రెండు మోకాళ్లూ వచ్చేస్తాయి. మూసుకోవచ్చుగా మహానుభావుడు! అబద్ధంతో పుచ్చుకున్న డబ్బుతో ఆవిణ్ని నడిపించడానికి మనసొప్పలేదు. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. అది తన పనేనని ఒక్కరికైనా చెప్పుకోవాలన్న ఉబలాటమూ ఉంది.

"ఆ నాలుగో చక్రం కంపెనీది కాదండీ. నేను చేసింది" అన్నాడు.

ఆసామి మళ్లీ చూశాడు, చాలాసేపు. పనితనానికి చేతులెత్తి మొక్కాడు. ధర మాత్రం సగానికి దించాడు. అసలు చక్రం ఎక్కడున్నా వెతికి వేయిస్తానని, దీన్ని తీసి పారేయాల్సిందేనని చెప్పాడు. సగం ధర కన్నా ఆ మాటకే మేస్త్రీ గుండె కలుక్కుమంది.

"అయితే నన్నే తియ్యనివ్వండి. అది నా దగ్గరే ఉంటుంది" అన్నాడు.

సన్నని పట్టకారుతో చక్రాన్ని పైకి లేపాడు. ముప్ఫై ఏళ్లుగా నడుస్తున్న వాచీ అతని చేతిలోనే ఆగిపోయింది.

ఇంటికి వచ్చి జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. డబ్బు ఒక్క మోకాలికే సరిపోతుందని చెప్పేటప్పుడు తలెత్తలేకపోయాడు. ఆవిడ తిడుతుందనుకున్నాడు. తిట్టింది కూడా, కాసేపు. తరవాత చెయ్యి చాపింది. మడిచిన కాగితం విప్పి చక్రాన్ని ఆ అరచేతిలో పెట్టాడు. దాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని, పళ్లు లెక్కపెట్టబోయి మానేసింది.

"ఇంత చిన్నదానికా మూడు నెలలు నా మొహం చూడలేదు?"

"ఇంత చిన్నది కాబట్టే."

ఆవిడ నవ్వు ఆపుకుంది. ఏ కాలు ముందు చేయిద్దామని అతను మెల్లగా అడిగాడు.

"కుడిది. మెట్లు దిగేటప్పుడు ఎడమ పక్కన మీరుంటారుగా" అంది.