కటింగులో నా ముందు వెళ్ళిన ఎర్ర స్వెటర్

నేను డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాను. దెయ్యాల మాట వస్తే నాకు చిన్నప్పటినుంచీ నవ్వే. మా ఆండర్సన్‌పేట బంగారు గనుల ఊరు, అలాంటి కథలకు కొదవ లేదు. గనిలో పోయినవాళ్ళు షిఫ్టు టైముకు వీధిలో కనిపిస్తారని మా నాయనమ్మ మొదలుపెడితే మధ్యలోనే లేచి వెళ్ళిపోయేదాన్ని. చర్చికి వెళతాను, ప్రార్థన చేసుకుంటాను. అంతకుమించి కంటికి కనపడనివాటితో నాకు పని లేదు. ఇప్పుడు నా నమ్మకం మారిందని చెప్పడానికి ఇది రాయడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

గనులు మూతపడ్డాక, వాటికి సామాను మోసిన పాత రైలు లైను ఒకటి మా పేట వెనక ఊరికే పడి ఉండేది. పట్టాలు ఎప్పుడో ఊడదీసుకుపోయారు. కట్ట మాత్రం మిగిలింది. కొన్నేళ్ళ కిందట సైకిళ్ళంటే ఇష్టమున్న కొందరు కలిసి ముళ్ళకంపలు కొట్టి, కంకర సర్ది, దాన్ని సైకిల్ దారి చేశారు. రైలు కోసం వేసిన కట్ట కాబట్టి పెద్దగా ఎత్తుపల్లాలు ఉండవు. మోటారు బండ్లు రావు. ఆదివారం చర్చి అయ్యాక పిల్లాపాపలతో కుటుంబాలన్నీ అక్కడే కనిపించేవి. గని మట్టి పోసిన సైనైడు దిబ్బలు దాటితే రాగి చేలు, టమాటా తోటలు. అటు చివర మా కాలేజీ ఉన్న చిన్న ఊరు. హాస్టల్ ఎదురుగా ఉన్న హోటల్లో దోసె తిని వెనక్కి రావడం మా ఇంట్లో అలవాటు.

మా ఇంట్లో ముగ్గురం. మా ఆయన ప్రభాకర్ వారమంతా తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరు వెళ్ళి వస్తారు. కాబట్టి ఆదివారం ఆయనకు పండగ. సైకిల్ ఎక్కితే ఆగరు, ఎప్పుడూ ముందే ఉంటారు. మధ్యలో మా పాప రూతు, వెనక నేను. రూతుకు అప్పుడు తొమ్మిదేళ్ళు. తొక్కుతున్నంతసేపూ నోరు మూయదు.

ముందురోజు వాన పడి, ఆ ఆదివారం మంచి ఎండ కాసింది. హోటల్లో తిని, మధ్యాహ్నమే వెనక్కి బయల్దేరాం. దారి మధ్యలో ఒకచోట కొండను తొలిచి లైను వేశారు. దాన్ని కటింగు అంటారు. రెండు పక్కలా నిలువెత్తు రాయి, మధ్యలో మెలికలు తిరిగే దారి. అందులోనే ఒకచోట ఎడమకు ఇంకో పాత లైను చీలి, గనిలోకి దిగే బావిలాంటి ఒక మూతపడిన షాఫ్టు దగ్గరికి పోతుంది. అక్కడ భూమి కుంగిందని చుట్టూ ముళ్ళతీగ కట్టారు. అటు ఎవరూ పోరు.

కటింగులోకి రాగానే నా చున్నీ వెనక చక్రంలో చిక్కుకుంది. దిగి, జాగ్రత్తగా లాగి, నడుముకు కట్టుకున్నాను. తలెత్తేసరికి మా ఆయన మలుపు దాటిపోయారు. రూతు ఎర్ర స్వెటర్ కొంచెం ముందు కనిపించింది. నేనూ ఎక్కి వెంట పడ్డాను.

తొక్కుతూ ఏవో మాటలు చెప్పాను. దోసె సగం వదిలేసిందని కోప్పడ్డాను. సోమవారం లెక్కల పరీక్ష గుర్తుచేశాను. ప్రతిదానికీ "ఊ" అంది. అంతకుమించి ఒక్క మాట లేదు. తిరిగి కూడా చూడలేదు. అలిగిందనుకున్నాను.

కాసేపటికి ఒకటి గమనించాను. కంకర మీద నా చక్రాల చప్పుడు వినిపిస్తోంది. ముందున్న సైకిల్ చప్పుడు లేదు. దాని పెడళ్ళు మెల్లగానే తిరుగుతున్నాయి. నేను ఎంత గట్టిగా తొక్కినా ఆ ఎడం తగ్గడం లేదు.

"రూతూ, ఆగు" అన్నాను.

"ఊ" అంది. ఆగలేదు.

కంకర అయిపోయి చక్రాల కింద మెత్తటి మట్టి తగిలింది. మోకాళ్ళకు గడ్డి రాసుకుంటోంది. ఇది మా దారి కాదని అప్పుడు తెలిసింది. అదే క్షణంలో వెనకనుంచి కేక.

"అమ్మా! యాడికి పోతా ఉండావు?"

నా బిడ్డ గొంతు. బ్రేకు నొక్కి తల తిప్పాను. లైను చీలిన చోట రూతు సైకిల్ పట్టుకుని నిలబడి ఉంది. ఎర్ర స్వెటర్, రెండు జడలు, చేతులకు గ్రీజు.

మళ్ళీ ముందుకు చూశాను. చూడకుండా ఉండాల్సింది. ముళ్ళతీగ అక్కడ వాలిపోయి ఉంది. తీగకు అవతల నేల లేదు, గుంత. నేల లేని ఆ చోట ఒక కాలు ఆనించి, నాకు వీపు పెట్టి, ఎర్ర స్వెటర్ నిలబడి ఉంది. నేను వస్తానని ఎదురుచూస్తున్నట్టు.

నా ముందు చక్రం కింద రాయి ఒకటి కదిలి దొర్లి గుంతలో పడింది. అది అడుగుకు తగిలిన చప్పుడు నాకు వినపడలేదు.

సైకిల్ అక్కడే పడేసి పరిగెత్తాను. రూతును గట్టిగా పట్టుకున్నాను.

"నా చైను ఊడిపోయె. ఈడనే నిలబడుకోని ఉండాను. నువ్వు నన్ను చూడకుండానే పక్కనించి పోతివి" అంది.

చెయ్యి చాచితే తగిలేంత ఇరుకు దారి అది. నా బిడ్డను దాటుకుని వెళ్ళాను. చూడలేదు.

కటింగు గట్టు మీద మేకలు కాస్తున్న పెద్దామె ఒకామె పైనుంచి అరిచింది. "ఎవురితో మాట్లాడుకుంటా పోతా ఉండావమ్మా? ఆ పక్క పోవద్దని నేను అరస్తానే ఉండాను!"

"నా ముందర సైకిల్లో ఒక పాప పోలేదా అమ్మా?"

"యా పాప? నువ్వొక్కదానివే కదమ్మా పోయింది."

మేం రాలేదని మా ఆయన వెనక్కి వచ్చారు. నా సైకిల్ అక్కడే వదిలి ఇంటికి వచ్చేశాం. మర్నాడు సెలవు పెట్టి, పక్కింటాయన్ను తోడు తీసుకుని నా సైకిల్ తేవడానికి వెళ్ళారు. వచ్చాక చెప్పారు. వాన మట్టి మీద ఒక్క సైకిల్ జాడే ఉందట, నాది.

"గుంతకు ఇంగ ఒక మూర ఉండాది, అంతే" అన్నారు.

నాకు నేను సర్దిచెప్పుకున్నాను. చదువు చెప్పేదాన్ని కదా. ఎండలోంచి నీడలోకి వచ్చినప్పుడు కళ్ళు మోసం చేస్తాయి. దారంతా ఎర్ర స్వెటర్నే చూస్తూ వచ్చాను, అదే కళ్ళలో నిలిచిపోయి ఉంటుంది. "ఊ" అన్నది రాళ్ళ మధ్య నా గొంతే తిరిగి వినిపించి ఉంటుంది. కొన్ని వారాలకు దాదాపు నమ్మేశాను కూడా.

అప్పుడొకరోజు పొద్దున బడికి జడ వేస్తుంటే రూతు అడిగింది. "అమ్మా, ఆ పొద్దు నేను పిలిచినానని నీకు కోపమా?"

"కోపమెందుకు? నువ్వు పిలవబట్టే కదా నేను ఆగింది."

"నువ్వే పిలవద్దంటివి కదా."

నా చేతిలో దువ్వెన ఆగిపోయింది. "ఎప్పుడన్నాను?"

"చైను ఊడినప్పుడు. నువ్వు నా పక్కనే నిలబడుకోని ఉండావు. ముందర నీ మాదిరే ఇంగొక అమ్మ సైకిల్లో పోతా ఉండె. ఎవురమ్మా అది అని అడిగితే, 'పోనీలే, పిలవద్దు' అంటివి. పోయేది నువ్వేనేమో అని నాకు భయమైంది. పిలిచేసినాను."

"పిలిచినాక?"

"ఆయమ్మ తిరిగి చూసింది. చూస్తే నువ్వే. పక్కన ఇంగ ఎవురూ లేరు."

పిల్ల అబద్ధం చెప్పే రకం కాదు. ఆ తర్వాత ఎన్నోసార్లు ఎన్నో రకాలుగా అడిగాను. ఒక్క మాట మార్చలేదు. అది నా గొంతేనా అంటే, "నీదే అమ్మా" అంటుంది.

మేము మళ్ళీ ఆ దారికి పోలేదు. నా ముందు వెళ్ళినదాని గురించి ఈరోజుకీ ఏదో ఒకటి చెప్పుకోగలను. ఎండ, నీడ, కళ్ళు. కానీ నేను ఆ గుంత వైపు పోతుంటే, నా బిడ్డ పక్కన నిలబడి, నా గొంతుతో పిలవద్దు అన్నది ఏమిటో నాకు తెలియదు.