సగం ధర తొట్టెల

సుల్తానాబాద్‌లో ఫిజిక్స్ పాఠాలు చెప్పే సాయిచంద్ పసివాడైన కొడుకు కోసం ఆన్‌లైన్‌లో సగం ధరకే తొట్టెల కొన్నాడు. మర్నాడే కంపెనీ "ధర పొరపాటున పడింది" అంటూ ఆర్డర్ రద్దు చేసి, డబ్బు వాపసు పంపింది. అతను వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేశాడు. అదే ధరకు పంపకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తానని కంపెనీకి రాశాడు. ఈలోగా వేరే తొట్టెల కొంటే కేసు బలం తగ్గుతుందేమోనని భయపడి, పిల్లాణ్ణి చేతుల మీదే లోలకంలా ఊపసాగాడు.

"ఊపి ఊపి నువ్వే తొట్టెలైనవ్ గదరా!" అంది తల్లి శంకరవ్వ.

చివరికి కంపెనీ దిగొచ్చి, ఆ సగం ధరకే తొట్టెల పంపింది. అందులో పడుకోబెట్టగానే పిల్లాడు గుక్కపట్టి ఏడ్చాడు. తండ్రి చేతుల్లోకి రాగానే నిద్రపోయాడు.

"గిప్పుడెట్లనే అవ్వా?"

"ఇంకెట్ల? పొల్లగాడు క్యాన్సల్ చేసిండు. పో, ఆని మీద గూడ కేసు పెట్టు!"