ఉల్టా అక్షరాలు చదివిన మనిషి

మా ఫోర్‌మన్ సాబ్ పోయారని మొన్న పొద్దున ఆయన కోడలు ఫోన్ చేసి చెప్పింది. తొంభై దాటిన మనిషి. చాయ్ తాగి, పేపరు మొదటి పేజీ చదివి, కుర్చీలోనే కన్ను మూశారట. నాకు ఏడుపు రాలేదంటే తప్పుగా అనుకోకండి. మంచాన పడలేదు, ఎవరిచేతా చేయించుకోలేదు. హమ్మయ్య అనిపించింది. ఆయన కోరుకున్నదీ అదే.

డెబ్బైల మొదట్లో వరంగల్ చౌరస్తా దగ్గరి ప్రెస్సులో నేను ప్రూఫులు దిద్దే పనికి చేరాను. మా సేటు వయసులో ఉండగా ఒక్క గదిలో, కాలితో తొక్కే ఒక్క ట్రెడిల్ మిషనుతో, తన చేత్తోనే అక్షరాలు పేర్చి మొదలుపెట్టిన ప్రెస్సు అది. నేను వెళ్లేసరికి మూడు మిషన్లు, అక్షరాలు పేర్చే నలుగురు కంపోజిటర్లు, వాళ్ల మీద ఫోర్‌మన్ సాబ్. కాశిబుగ్గ నేతవాళ్ల రసీదు పుస్తకాలు, విత్తనాల సంచుల చీటీలు మా దగ్గరే అచ్చయ్యేవి. పెళ్లి కార్డుల కోసం ములుగు నుంచి బస్సెక్కి వచ్చేవారు.

అచ్చులో సరిగ్గా పడాలంటే సీసం అక్షరం తిరగబడి ఉండాలి. దాన్ని చదవలేక నేను తంటాలు పడుతుంటే ఫోర్‌మన్ సాబ్ నవ్వేవారు.

"మెడ తిప్పకు బిడ్డా, మనసు తిప్పు. నెల దినాలల్ల ఉల్టానే సీదా అయితది."

అయింది కూడా. ఆయనకు ఇంకో పట్టింపు ఉండేది. అక్షరాలు వరసగా పేర్చే చిన్న ఇనుప స్టిక్కులో, ఇంటికి పోయేముందు ఒక్క అక్షరం మిగలకూడదు. "దేనింటికి దాన్ని తోలియ్యాలె" అంటూ అన్నీ చెక్క పెట్టెలో వాటి వాటి గళ్లలో వేశాకే చేతులు కడుక్కునేవారు.

ఎనభైలలో ఆఫ్‌సెట్ మిషను వచ్చింది. దానికి సీసం అక్షరాలే అక్కర్లేదు. పేజీలు హైదరాబాదులో దిద్దుకుని ఫిల్ముగా వస్తాయి, ఇక్కడ రేకు ప్లేటు మీదికి ఎక్కిస్తే చాలు. అలాంటప్పుడు ఇంతమంది దేనికని సేటు కొడుకు అడిగాడు. "మొదటి పని కానియ్యి, జూద్దాం" అన్నారు సేటు. నలుగురు కంపోజిటర్లకీ, నాకూ వారం రోజులు అన్నం దిగలేదు.

మొదటి పని ఒక ఎరువుల దుకాణం కేలండరు. ఫోర్‌మన్ సాబ్ ప్లేటు మీద వంగి చివరిదాకా చదివారు. "సక్కగున్నది, ఎక్కియ్యిన్రి" అన్నారు. సేటు కూడా చూసి తలూపారు. నేనూ చదివాను, ఒక్క తప్పు లేదు. మిషను తిరిగింది. మొదటి కాగితం చేతిలోకి తీసుకుని సేటు కొడుకు గట్టిగా అరిచాడు.

"ఇదేంది నాయినా! అంత ఉల్టా కొట్టింది!"

దుకాణం పేరు, నెలలు, తేదీలు అన్నీ తిరగబడ్డాయి. ఆఫ్‌సెట్‌లో ప్లేటు మీది అచ్చు ముందు రబ్బరు మీద పడి, దాని నుంచి కాగితానికి ఎక్కుతుంది కాబట్టి, ప్లేటు మీద అక్షరం సీదాగానే ఉండాలి. ప్లేటు చేసేటప్పుడు ఎవరో ఫిల్మును తిరగేసి పెట్టారు. ముగ్గురం చూశాం, ముగ్గురికీ ఉల్టానే సరిగ్గా కనిపించింది!

ఫోర్‌మన్ సాబ్ ముందుకొచ్చి, "తప్పు నాది సేటు. వీళ్లనేం అనకు" అన్నారు.

సేటు ఆ కాగితాన్ని కాసేపు చూసి, పడీ పడీ నవ్వారు. "నేను గూడ సూసిన గద సాబ్! నాకు గూడ సీదగనే కనవడ్డది." తర్వాత కొడుకు వైపు తిరిగారు. "వీళ్లంత ఉంటరు. ఉల్టా సదివెటోళ్లకు సీదా నేర్సుకునుడు ఎంతసేపు?"

అంతమందిమీ ఒక్కసారే ఊపిరి వదిలాం. ప్లేటు మళ్లీ చేశాం. మిషన్లు పెరిగాయి, పక్క ఇల్లు కూడా ప్రెస్సులో కలిసింది. మేమంతా అక్కడే పనిచేసి, మా అంతట మేమే మానుకున్నాం. ఆ అన్నం సేటు చలవే.

మొన్న హనుమకొండలో ఫోర్‌మన్ సాబ్ ఇంటికి వెళితే, కోడలు గుడ్డలో చుట్టిన స్టిక్కు తెచ్చింది. రెండు వరసల అక్షరాలు, దారంతో బిగించి ఉన్నాయి. "ఏమున్నదో మాకు సదవరాలే అక్కా. మామ ఎవ్వల్నీ ముట్టనియ్యలే."

మెడ తిప్పకుండానే చదివాను. పై వరసలో నలుగురు కంపోజిటర్ల పేర్లు, చివర నా పేరు. కింది వరసలో, "వీళ్లను ఉంచి, నన్ను తీసేయండి." మిషను వచ్చినప్పుడు సేటుకు ఇవ్వాలని పేర్చుకున్నట్టున్నారు. ఇవ్వాల్సిన అవసరం పడలేదు. అయినా వాటిని గళ్లలోకి మాత్రం తోలలేదు.

ఏడుపు అప్పుడొచ్చింది. అలవాటుకొద్దీ తప్పుల కోసం వేలితో తడిమి చూశాను. ఒక్కటీ లేదు. వేలికి నల్లగా అంటింది. ఇంటికొచ్చాక చాలాసేపు చేతులు కడుక్కోలేదు.