జిప్పు దగ్గరి గుట్ట

బస్సు ఆగి చాలాసేపయింది. ముందున్న వంతెన మీద ఒకసారికి ఒక్క బండే పడుతుంది. అటునుంచి లారీలు, ఇటునుంచి మేము. జీవితమంతా రోడ్ల మీదే తిరిగినవాణ్ణి, ఆగిన బండిలో కూర్చోవడం మాత్రం నాకు ఇప్పటికీ చేతకాదు. డ్రైవరును నాలుగు మాటలన్నాను.

"ఆయన్ని తిడితే ఏం లాభం పెద్దాయనా? బస్సు బాగానే ఉంది. ఇరుకంతా ఆ వంతెన దగ్గర. మా ఫ్యాక్టరీ లైనూ ఇంతే," అన్నాడు పక్క సీటాయన.

నలభై దాటిన మనిషి, మెడలో స్టాప్‌వాచీ. బడిపిల్లల సంచులు కుట్టే ఫ్యాక్టరీలో సూపర్‌వైజరట. పనివాళ్ళంతా 'గడియారం' అంటారట. "మొదట్లో చాటుగా అనేవాళ్ళు. ఇప్పుడు మొహం మీదే అంటున్నారు, అదో ప్రమోషను," అని నవ్వి, వెంటనే కిటికీ వైపు తిరిగాడు.

ఉత్పత్తి నిర్వహణ మీద లావుపాటి పుస్తకాలు కొన్ని నేనూ తిరగేశాను, ఒకసారి వానకి ఏదో కాలేజీ లైబ్రరీలో చిక్కుకుపోయి. చాలావాటిలో మొదట చెప్పేది ఇదే: ముడిసరుకు ఒక చేతినుంచి ఇంకో చేతికి పోతూ వస్తువవుతుంది, ఆ చేతుల్లో ఏది నిదానమో మొత్తం ఫ్యాక్టరీ దాని వేగంతోనే నడుస్తుంది. ముందువాళ్ళు ఎంత గింజుకున్నా సరుకు పెరగదు, ఆ మనిషి ముందు సగం కుట్టిన గుట్ట పెరుగుతుంది. ఆ మనిషిని పుస్తకంలో ఒక గడి గీసి చూపిస్తారు. ఆ గడిలో ఎవరి అక్క కూర్చుందో రాయరు.

ఈయన లైనులో ఈయన అక్కే కూర్చుంది. తల్లి పోయేనాటికి ఆవిడకింకా తన జడ తనకే సరిగా వేసుకోవడం రాదు. అప్పుడే మిషనెక్కింది. ఈయన ఆ మిషను పక్కన, గుడ్డముక్కల మీద పడుకుని పెరిగాడు. చదివించింది, బతిమాలి అదే ఫ్యాక్టరీలో పెట్టించింది. భర్త పోయాక ఆవిడకు ఇల్లంటే రాత్రి తల వాల్చుకునే చోటు, అంతే. పగలంతా సంచులకు భుజాల పట్టీలు కుట్టడమే.

"నిరుడు చేతులు వణకడం మొదలైంది పెద్దాయనా. పట్టీల దగ్గర గుట్ట లేచింది. అది కనిపిస్తే ఎవరన్నా పట్టేస్తారు కదా. అక్కకంటే ముందు ఒకమ్మాయి జిప్పులు కుడుతుంది. గాలిలా కుడుతుంది. అమ్మా, కొన్నాళ్ళు కాస్త మెల్లగా కుట్టు అన్నాను. అక్క కోసమేగా అన్నయ్యా, అంది. ఎందుకని కూడా అడగలేదు."

దాంతో గుట్ట జిప్పుల దగ్గరికి జరిగింది. అక్క చేతులు నయం కాలేదు. సంచులు తగ్గాయి. ఇరుకెక్కడుందో, ఎవరిని తీసేయాలో ఇవాళ వచ్చి చెప్పమని పెద్దాఫీసు కబురు పెట్టింది.

"మీ అక్కను తేలికపని మీదికి మార్చకూడదా?"

"దారాలు కత్తిరించే బల్లుంది. ఇంటికి పంపేముందు ఎవరినైనా అక్కడే కూర్చోబెడతారు. అక్కకి తెలీదా?"

"పోనీ ఆవిడ పక్కన ఇంకో మిషను?"

"అడిగితే ఎందుకంటారు. ఏమని చెప్పను?"

నా చదువు అక్కడికి అయిపోయింది.

అంతలో ఆయన ఫోను మోగింది. అక్కే. మిషన్ల రొదలో పనిచేసే మనిషి కదా, మాట నా దాకా వినిపిస్తోంది.

"ఒరేయ్, తిన్నావా?"

"తిన్నానక్కా."

"అబద్ధం. సరే, విను. ఈ జిప్పుపిల్లకేమొచ్చిందో గానీ నేను ఈగలు తోలుకుంటూ కూర్చున్నా. నా చెయ్యి మునుపట్లా ఆడుతోందిరా, దాని చెయ్యే ఆడట్లేదు. దాని ముందు కొండంత పేరుకుంది. ఎలాగూ పెద్దాఫీసుకి వెళ్తున్నావుగా, ఆ సంగతేదో తేల్చిరా. దానికి మొహమాటమేంట్రా?"

"ఊఁ," అన్నాడు. ఫోను జేబులో పెట్టుకుని చేతులకేసి చూసుకున్నాడు.

"ఎంత సంతోషంగా ఉందో విన్నారా? తన చేతులు బాగుపడ్డాయనుకుంటోంది."

"ఏం చెబుతావు మరి?"

"జిప్పుపిల్ల అనే చెబుతా. వాళ్ళొచ్చి కొలుచుకున్నా అదే తేలుతుంది."

"ఆ పిల్ల ఊరుకుంటుందా?"

"అది నోరు విప్పదు. అదేగా నా ఏడుపు."

"ఆ పిల్ల చోట్లో వచ్చే కొత్తమ్మాయికి చెయ్యి తిరిగేసరికి గుట్ట మళ్ళీ మీ అక్క ముందుకే వస్తుంది కదయ్యా."

"వస్తుంది."

"అప్పుడు?"

"అప్పటిదాకా అక్క కూర్చుంటుంది."

ఆ మాట అంటూనే లేచాడు. బస్సు అంగుళం కదల్లేదు. తలుపు తనే లాక్కుని దిగాడు. "స్టాపు కాదు సార్, ఇక్కడ దిగకూడదు!" అని కండక్టరు అరుస్తున్నా వినిపించుకోకుండా, లారీల సందుల్లోంచి ఆఫీసులున్న వైపు నడిచిపోయాడు. నాతో వస్తానని కూడా అనలేదు.