నైరుతి మూల గొయ్యి

ఇంటర్వ్యూలో "అయిపోతుందండీ" అన్న క్షణం నుంచి లక్ష్మీకాంత్‌కి ఆ మాట వెనక్కి తీసుకోవాలనే ఉంది.

పటమటలో మా ఎదురింట్లో ఉంటాడు. అపార్ట్‌మెంట్లు కట్టే కంపెనీలో చాలా ఏళ్ళు సైటు పనులు చూశాడు. ఆ కంపెనీ చేతులెత్తేశాక ఏడాదిగా ఇంట్లోనే ఉన్నాడు. కూతురు అక్షయ అప్పుడే ఇంజనీరింగ్‌లో చేరింది. ఆ సమయంలో ఊరి బయట కాలవ పక్కనున్న ఒక యూనివర్సిటీ, తమ పాత లైబ్రరీ భవనం బాగుచేయించడానికి కన్‌స్ట్రక్షన్ మేనేజర్ కావాలంది.

ఇంటర్వ్యూ గదిలో కాదు, భవనం చుట్టూ తిప్పుతూ చేశారు. ముందు నడుస్తున్న రిజిస్ట్రార్ అచ్యుతరామారావు గారు ఈశాన్యం మూల ఆగారట.

"ఈ మెట్లేనండీ ఈ లైబ్రరీకి పట్టిన శని! ఈశాన్యంలో ఇంత బరువుంటే ఏం బాగుపడుతుంది? వీటిని కొట్టేసి నైరుతిలో కొత్తవి కట్టాలి. దసరా సెలవుల్లో పునాది వేసేయగలరా?"

నైరుతి మూల కాలవకి మరీ దగ్గర. దసరాకి కాలవల నిండా నీళ్ళుంటాయి. అప్పుడు అక్కడ తవ్వితే గొయ్యి అడుగునుంచి ఊట వస్తుంది. పంపులు పెట్టి తోడితే నీళ్ళతో పాటు మన్నూ జారి, పక్కనున్న పాత గోడ కుంగుతుంది. ఆ గోడ వెనకే పిల్లలు కూర్చుని చదువుకునే హాలు. ఇదంతా తెలిసి కూడా అయిపోతుందన్నాడు. రిజిస్ట్రార్ గారు భుజం తట్టి, "మిమ్మల్నే అనుకుంటున్నాం. రేపు ఫోన్ చేస్తాను" అన్నారు.

"ఏంట్రా, అన్నం అట్లా కెలుకుతున్నావు? ఉద్యోగం రాలేదా?" అంది ఆ రాత్రి తల్లి మాణిక్యమ్మ.

"వచ్చేట్టే ఉందమ్మా. అదే భయం."

సంగతంతా విని భార్య సింధూరి, "కాదని చెప్పెయ్యండి. గోడ పడ్డాక జైలుకి క్యారేజీ ఎవరు తెస్తారు? నాకైతే ఖాళీ ఉండదు" అంది.

"నేను కాదంటే ఇంకొకణ్ణి పెట్టుకుంటారు. వాడు తవ్వుతాడు."

మజ్జిగ పోస్తున్న మాణిక్యమ్మ చెయ్యి ఆగింది. "ఉండుండు. నైరుతిలో గొయ్యా? దాన్నిండా నీళ్ళా? ఆయనకి వాస్తు ఎవడు చెప్పాడ్రా! ఇంటి పెద్దకే ముప్పు కాదూ?"

"ఊరుకోమ్మా" అన్నాడు గానీ కంచం ముందునుంచి లేవలేకపోయాడు.

పొద్దున్నే వాళ్ళు చేసేలోపు తనే ఫోన్ చేశాడు. "సార్, నిన్న తొందరపడ్డానండీ. ఆ పునాది దసరాకి కాదు. కాలవల్లో నీళ్ళు కట్టేశాక, వేసవిలో తవ్వుదామండీ. ఇప్పుడైతే ఊట."

"పంపులు పెట్టుకోండి."

"గోడ కుంగుతుందండీ."

"అవన్నీ చూసుకోడానికేగా మేనేజరు! మీ తర్వాత ఇంటర్వ్యూకి వచ్చినాయన కూడా అవుతుందనే అన్నారు."

ఆ రెండో మనిషి అప్పుడే గడ్డపార దించుతున్నట్టు అనిపించింది. ఎదురుగా మాణిక్యమ్మ కళ్ళు పెద్దవి చేసి, ఇంటి నైరుతి మూల వైపు చెయ్యి ఊపుతోంది.

"సార్... నైరుతిలో గొయ్యండీ. రోజుల తరబడి నీళ్ళు నిలుస్తాయండీ."

అవతల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది.

"నైరుతిలో నీళ్ళా?" గొంతు మారిపోయింది. "నిన్ననే చెప్పరేమండీ! వద్దొద్దు. వేసవికే పెట్టండి. సోమవారం వచ్చి చేరండి."

సింధూరి పకపకా నవ్వింది. లక్ష్మీకాంత్‌కి మాత్రం నవ్వు రాలేదు.

"గోడ కుంగుతుందంటే ఆగలేదు చూశారా?" అన్నాడు నాతో. "రేపు ఎవరో సిద్ధాంతి వచ్చి, శాంతి చేయిస్తే ఫర్వాలేదంటే?"

చేరిన రోజే ఆ గోడ మీది పాత బీటకి అడ్డంగా ఒక గాజుముక్కని సిమెంటుతో అతికించాడు. గోడ ఏమాత్రం కదిలినా ముందు పగిలేది అదే. దాన్ని చూశాకే పొద్దుటి టీ తాగుతాడట.

ఇవాళ ఆదివారం. యూనివర్సిటీకి సెలవు. అయినా బండి తీశాడు.