ఐదు పానాల పెట్టె

షెడ్డులో అందరూ అతన్ని నిదానం అనేవారు. బోల్టు విప్పేటప్పుడు పక్కవాడు తొందరపెడితే "నిదానం, నిదానం" అనడం అతని అలవాటు. పోనుపోను అసలు పేరు ఇంట్లో కాగితాలకే మిగిలిపోయింది. యాభై దాటిన మనిషి. పొట్టివాడు, ముంజేతులు మాత్రం బలమైనవి. గోళ్ల కింద నలుపు ఎంత తోమినా పోదు, ఇప్పుడు తోమడం కూడా మానేశాడు.

పని నేర్చుకున్నది మేనమామ మెకానిక్ షెడ్డులో. ఆ తర్వాత పనిచేసిందీ అక్కడే. సొంతంగా ఒక్క పనిముట్టూ కొనలేదు, కొనాల్సిన అవసరం రాలేదు. గోడకు కొట్టిన చెక్క మీద మామ పానాలు వేలాడుతుండేవి, చెయ్యి చాపితే అందేవి. మోకాళ్లు పట్టేశాక మామ షెడ్డు మూసేసి, గోడ మీది పానాలతో సహా స్థలం మొత్తం అమ్మేశాడు. మేనల్లుడికేం ఇచ్చావని ఎవరో అడిగితే, పని నేర్పాను కదా, ఇంకేం ఇవ్వాలి అన్నాడట. నిదానానికి ఆ సంగతి చెప్పినవాళ్లు అతని మొహం వాడిపోతుందేమోనని చూశారు. అతను నిజమే కదా అని నవ్వేశాడు.

మళ్లీ పని దొరకడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. వ్యాన్లూ లారీలూ బాగుచేసే పెద్ద వర్క్‌షాపు మేస్త్రీ ఒకప్పుడు షెడ్డుకు వచ్చి నిదానం చేతిపని చూసినవాడే. వయసులో పదేళ్లు చిన్న. సోమవారం పనిముట్ల పెట్టె తీసుకుని రమ్మని కబురు చేశాడు. చిక్కంతా ఆ పెట్టెతోనే. ఆ వర్క్‌షాపులో జాకీలూ గాలి మిషనూ యజమానివి, చేతి పనిముట్లు ఎవరివి వారివే. పక్కవాడి పానా అడగడం అక్కడ పరువు తక్కువ పని. కొత్తగా వచ్చినవాడి పెట్టెను మేస్త్రీ మొదటి రోజు పొద్దున అందరి ముందూ తెరిచి చూస్తాడు. నచ్చితే నిలబడే చోటు చూపిస్తాడు. నచ్చకపోతే వచ్చే నెల కనిపించు అంటాడు, ఆ వచ్చే నెల ఎవరికీ వచ్చిన దాఖలా లేదు. ఈ వయసులో నిదానానికి ఇంకో చోటు దొరకడం కష్టమని ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు.

అతని భార్య బట్టలు కుడుతుంది. ఫ్రిజ్ కొందామని కూడబెట్టిన డబ్బు తీసి అతని చేతిలో పెట్టింది. "ఫ్రిజ్ కన్నా ఎక్కువ కాలం రావాలి ఆ ఇనుము" అని ఒకే షరతు పెట్టింది.

శనివారం బజారుకు బావమరిదిని వెంటపెట్టుకుని వెళ్లాడు. సరుకుల వ్యాను నడిపే ఆ బావమరిది బేరానికి పనికొస్తాడని తీసుకెళ్లాడు గానీ, అతని నోరు బేరమాడటం కన్నా బావను ఆటపట్టించడానికే ఎక్కువ ఆడుతుంది. పెళ్లిచూపుల్లో మా అక్కను కూడా ఇంతసేపు చూడలేదు నువ్వు అంటూ ప్రతి దుకాణం దగ్గరా వాయించాడు.

మొదట పాత ఇనుము అమ్మే వీధిలోకి వెళ్లారు. సుత్తి, ఉలి, పెద్ద ఇనుప కడ్డీ అక్కడ కొన్నాడు. సుత్తికి కొలతతో పనిలేదు, తల చిట్లకుండా ఉంటే పాతదైనా ఒకటే అని అతని లెక్క. సుత్తి పిడి ఊడేలా ఉంటే ఆ పేరు చెప్పి ధర తగ్గించాడు. స్క్రూడ్రైవర్లు కొత్తవే కొన్నాడు. కొనల మీద ఆకురాయి ఆనించి చూశాడు. గీత లోతుగా పడ్డ మెత్తటివి వెనక్కి ఇచ్చి, ఆకురాయి జారిపోయినవి తీసుకున్నాడు. ప్లయరును మూసి వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. నోరు కలిసేచోట సందు కనిపించినవాటిని పక్కన పెట్టాడు. నూటికి పైగా ముక్కలున్న మెరిసే పెట్టె ఒకటి చూసి బావమరిది మనసు పారేసుకుంటే, అందులో సగం జీవితంలో వాడం, మిగతా సగం వాడితే విరుగుతాయి అని ముందుకు నడిచాడు.

ఇంతవరకు అన్నీ సరిగ్గానే జరిగాయి. పొరపాటు పానాల దగ్గర జరిగింది.

పానా కొనేటప్పుడు దాని మీది అంకెను నమ్మొద్దు, బోల్టుకు తొడిగి చూడు అని మామ చెప్పేవాడు. అందుకని నిదానం చొక్కా జేబులో షెడ్డు బోల్టులు వేసుకెళ్లాడు, ఒక్కో సైజుకు ఒక్కోటి. దుకాణంలో అతని ఈడు ఆవిడ కూర్చుని ఉంది. ముందు మంచి రకం రింగు పానాలు తీసి పెట్టింది. అతను పదమూడు తొడిగాడు, ఊగింది. పదిహేడు తొడిగాడు, అదీ ఊగింది. అంత ఖరీదు పెట్టి ఈ వదులేమిటి తల్లీ అని మూతి విరిచాడు. కింది అరలోంచి చవక సెట్టు తీయించి తొడిగితే, వేలికి ఉంగరం పట్టినట్టు బిగుతుగా పట్టింది. ఆ బోల్టులు ఎక్కడివన్నయ్యా అని ఆవిడ అడిగింది. ఆవిడ ఖరీదైనదాన్ని అంటగట్టాలని చూస్తోందనుకుని అతను చవక సెట్టు ధర అడిగాడు. ఆరు నుంచి ఇరవై రెండు దాకా ఉన్న చవక సెట్టు కొన్నాడు. ఫ్రిజ్ డబ్బులో సగం తిరిగి ఇంటికి పట్టుకెళ్లి భార్యకు ఇచ్చినప్పుడు అతని నడక చూడాల్సిందే.

సాయంత్రం గుమ్మంలో కూర్చుని షెడ్డు ఆచారం ప్రకారం ప్రతి పానా మెడ మీదా ఆకురాయితో మూడు గాట్లు పెట్టాడు. కొన్న రోజే గుర్తు పెట్టకపోతే ఆ వస్తువు నీది కాదు అనేవారు అక్కడ. నూనె గుడ్డతో తుడిచి, పెట్టెలో వరసగా సర్దాడు.

ఆదివారం పొద్దున బావమరిది తన వ్యానుకు కొత్త బ్యాటరీ పెట్టించుకుందామని వచ్చాడు. దాంతో వచ్చిన కొత్త బోల్టుకు నిదానం పదమూడు తొడగబోయాడు. దిగలేదు. అరచేత్తో నొక్కాడు, దిగలేదు. పెట్టెలోంచి పదిహేడు తీసి వ్యాను కింద కొత్తగా వేయించిన బోల్టుకు పెట్టి చూశాడు. అదీ అంతే. తర్వాత బయటికి వచ్చి, జేబులోంచి షెడ్డు బోల్టు ఒకటి తీసి, కొత్తదాని పక్కన పెట్టి చూశాడు.

మామ పానాలు అరిగిపోయినవి. అరిగిన పానాలతో విప్పీ బిగించీ ఆ బోల్టుల మూలలు గుండ్రపడ్డాయి. గుండ్రపడ్డ ప్రతిసారీ ఆకురాయితో రుద్ది మళ్లీ మూలలు తెచ్చేవారు. అలా ఏళ్ల తరబడి చిక్కిపోయిన బోల్టులను కొలతగా పట్టుకుని అతను బజారుకు వెళ్లాడు. మంచి పానా వదులైంది, లోపల కొలత కన్నా ఇరుకుగా కోసిన చవక పానా సరిపోయింది.

"మన షెడ్డు కోసమే ప్రత్యేకంగా చేయించినట్టున్నారు బావా" అన్నాడు బావమరిది. నిదానం నవ్వలేదు. బావమరిది అది చూసి వ్యాను తాళాలు తీశాడు.

దుకాణం మధ్యాహ్నం దాకా తెరిచి ఉంటుంది. ఇద్దరూ వ్యానులో పరుగున వెళ్లారు. ఆవిడ పానా చేతిలోకి తీసుకుని, మెడ మీది గాట్లు వేలితో తడిమి, ఎలా తీసుకోమంటావన్నయ్యా అంది. ఆ మాటలో కోపం లేదు. నిదానం కూడా వాదించలేదు. మంచి రకం ఒక్కొక్కటి విడిగా ఇస్తారా అని అడిగి, ఇంటికి వెళ్లి, నిన్న ఇచ్చిన డబ్బును భార్య దగ్గర మళ్లీ అడిగాడు.

ఆవిడ కుట్టు మిషను ఆపి మొహంలోకి చూసింది. "నా కత్తెర కొనేటప్పుడు చివికిపోయిన గుడ్డ మీద కోసి చూడను నేను" అంది. లేచి డబ్బు తీసిచ్చింది.

ఆ డబ్బుకు ఐదు పానాలు వచ్చాయి. పది, పదమూడు, పద్నాలుగు, పదిహేడు, పంతొమ్మిది. కౌంటరు మీది కొత్త బోల్టులకు తొడిగి చూసుకున్నాడు. రింగు బోల్టు తలకు అతుక్కున్నట్టు కూర్చుంది.

ఇంటికొచ్చాక పెట్టె సగం ఖాళీగా కనిపించింది. చవక పానాలు కూడా అందులో పెట్టెయ్యమని బావమరిది పోరుపెట్టాడు. మేస్త్రీ చూసేది పెట్టె నిండుగా ఉందా లేదా అనే కదా, ఒక్కొక్కటీ బోల్టుకు తొడిగి చూస్తాడా ఏమిటి? భార్య కూడా తమ్ముడి వైపే మొగ్గింది. నిదానానికీ ఆశ పుట్టకపోలేదు. కానీ రేపు పెట్టె పరీక్ష దాటినా, ఎల్లుండి లారీ కింద ఆ పానా దిగకపోతే అప్పుడు ఏం చెప్పాలి? చవకవన్నీ గోనెసంచిలో వేసి మంచం కిందకి తోసేశాడు.

సోమవారం పొద్దున మేస్త్రీ పెట్టె తెరిచాడు. చుట్టూ మెకానిక్కులు గుడ్డలకు చేతులు తుడుచుకుంటూ నిలబడ్డారు. సుత్తి, ఉలి, కడ్డీ, స్క్రూడ్రైవర్లు, ప్లయరు, ఐదు పానాలు.

"మిగతావి ఏవి అన్నా?"

"ఇంట్లో ఒక సెట్టుంది. పనికిరాదు. తప్పు కొన్నాను."

"నువ్వా?"

"అరిగిన బోల్టులు పట్టుకెళ్లి చూసి కొన్నా."

ముందు ఎవరో ఒకరు కిసుక్కుమన్నారు, తర్వాత అందరూ నవ్వారు. నిదానం చెవులు ఎర్రబడ్డాయి. మేస్త్రీ నవ్వలేదు. పదిహేడు తీసుకుని పక్కనున్న చక్రం దగ్గర బోల్టుకు తొడిగి, అటూ ఇటూ కదిపి చూశాడు. తర్వాత మిగతా నాలుగూ చూశాడు, ఒక్కోదాన్నీ బోల్టుకు తొడిగే చూశాడు.

"ఈ ఐదింటితో బ్రేకుల పని అవుతుందా అన్నా?"

నిదానం కాస్త ఆలోచించుకున్నాడు. "చాలావాటికి అవుతుంది. కొన్ని వ్యాన్లకి పన్నెండు కావాలి. నేను కొనేదాకా ఆ బళ్లు నాకివ్వకు."

మేస్త్రీ పెట్టె మూత వేశాడు. "సరే, అవి వేరేవాళ్లు చూస్తారు. నీ చోటు అదిగో" అని గేటు పక్క చోటు చూపించాడు. జీతం అందగానే ముందు పన్నెండు కొను, ఎనిమిది తర్వాత చూసుకోవచ్చు అని కూడా చెప్పాడు.

గేటు పక్కన వెలుతురు బాగా పడుతుంది. అతను నేల మీద గుడ్డ పరిచి ఐదు పానాలనూ వరసగా పెట్టుకున్నాడు. మొదటి బండి కూరగాయల వ్యాను. దాని బ్రేకు బోల్టు బాగా తుప్పు పట్టి ఉంది. పదిహేడు తొడిగి, కాలు నేలకు తన్ని పట్టి లాగాడు. బోల్టు ఒక్కసారి కిర్రుమని కదిలింది. పానా జారలేదు. వేళ్ల కణుపులు దేనికీ కొట్టుకోలేదు. ఇన్నేళ్లుగా బోల్టు విప్పినప్పుడల్లా కణుపులు చెక్కుకుపోవడం ఈ పనిలో మామూలే అనుకుంటూ వచ్చాడు. చేతిని ఒకసారి తిప్పి చూసుకుని, రెండో బోల్టు దగ్గరికి జరిగాడు.